మీకు తోడెవరని అడిగేవారికి

(చెన్నై మైలాపూరులో తెలుగు మిత్రుల సమావేశంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొహమాటపడకండి.

నేను ప్రయాణం కట్టానని తెలియగానే ప్రతివాళ్ళూ మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఎక్కడికి అని అడగరు. ఎన్నాళ్ళకు వస్తారనీ అడగరు. "తోడు ఎవరు?" అని అడుగుతారు. మా అక్క అడుగుతుంది, మా వీధి చివర పూలమ్మే ఆవిడ అడుగుతుంది, ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది అడిగారు. ఎవరూ లేరు, ఒక్కదాన్నే అనగానే మీ ముఖాల్లో జాలి కనబడుతుంది. ఆ ప్రశ్నకు ఈ సాయంత్రం నిదానంగా జవాబు చెబుదామని వచ్చాను. నాకు తోడు ఉంటారు. ప్రతిసారీ ఉంటారు. ఇల్లు దాటేటప్పుడు ఉండరు, దారిలో దొరుకుతారు.

పది మంది కలిసి యాత్రకు వెళ్ళినప్పుడు ఏం జరుగుతుందో గమనించారా? పులిహోర మనదే, జంతికలు మనవే, కబుర్లు మనవే. రైలు తంజావూరు వెళ్ళినా గయ వెళ్ళినా ఆ పెట్టెలో మన మైలాపూరే ఉంటుంది. ఆ సంతోషం వేరు, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ ఊరి మనిషితో మనకు పని పడదు. పని పడనిచోట పరిచయం ఎలా కలుగుతుంది చెప్పండి? ఒక్కరే వెళ్ళారనుకోండి, రైలెక్కిన గంటలోనే పని పడుతుంది. "అమ్మా, ముఖం కడుక్కుని వస్తాను, ఈ సంచీ కాస్త చూస్తారా?" అని ఎవరినో ఒకరిని అడగాల్సిందే. మన బట్టలు, మన డబ్బు, మన మందులు, అన్నీ ఐదు నిమిషాలు ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెడుతున్నాం. చిన్న విషయమా అది?

ఎవరిని అడగాలా అని పెట్టె అంతా కళ్ళతో వెతుకుతాం చూశారా, అప్పుడు మనలో ఉన్న లెక్కలన్నీ బయటికి వస్తాయి. వీళ్ళు ఏ భాషవాళ్ళు? ఏ రాష్ట్రం? ఆ రాష్ట్రంవాళ్ళ గురించి మనం ఏం విన్నాం? మనిషిని చూడకముందే ఊరిపేరు చూస్తాం. నేను ఈ రోజు మాట్లాడదలచింది ఆ లెక్కల గురించే. ఆ లెక్కలు చెడిపోవడానికి ఒంటరి ప్రయాణం కన్నా మంచి మార్గం నాకు కనబడలేదు.

అసలు ఈ విషయం మన చెన్నై తెలుగువాళ్ళకు చెప్పాలా? ముద్ర పడటం అంటే ఏమిటో మనకన్నా బాగా ఎవరికి తెలుసు? బడిలో మన పిల్లలను తెలుగువాళ్ళని వెక్కిరిస్తూ "గొల్టి" అని పిలుస్తారు. అదే పిల్లలు వేసవి సెలవులకు విజయవాడో నెల్లూరో వెళితే "అరవవాళ్ళు వచ్చారు" అంటారు. ఇక్కడ తెలుగువాళ్ళం, అక్కడ తమిళులం. ఢిల్లీ వెళితే రెండూ పోయి అందరం మద్రాసీలం. నేను బడిలో పనిచేసిన కాలంలో ఈ మాట పడి ఏడ్చిన పిల్లల కళ్ళు తుడిచాను. అది వేళాకోళమే కావచ్చు, కానీ పడినవాళ్ళకు గుచ్చుకుంటుంది.

ఈ ముద్రల వెనక ఒక తగువు ఉంది. మనం కూర్చున్న ఈ మైలాపూరులోనే, బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో, పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, కర్నూలు రాజధాని అయింది. ఆ రోజుల్లో తెలుగువాళ్ళు మద్రాసు మనదే అన్నారు, తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం గారి వెంట తమిళులూ మద్రాసు మనదే అన్నారు. ఇద్దరిదీ ఒకే నినాదం. ఆ తగువు తీరి డెబ్భై ఏళ్ళు దాటింది, మాటలు మాత్రం మిగిలాయి. మరి 1639లో ఈ నేల ఇంగ్లీషువాళ్ళకు ఇచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఎవరు? త్యాగరాయనగర్ ఎవరి పేరు? పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. దాని నడుమ ఉన్న పానగల్ పార్కు ఎవరి పేరు? మన పానగల్లు రాజా వారిది. ఆ పార్కు ముందు పూలు, పళ్ళు కొనుక్కునే తమిళ ఆడవాళ్ళూ తెలుగు ఆడవాళ్ళూ ఒకరితో ఒకరు ఏ భాషలో బేరమాడుతున్నారో కూడా గుర్తుపెట్టుకోరు. కలిసి బతికిన చోట ముద్రలు నిలవవు. దూరంగా ఉన్న చోటే నిలుస్తాయి.

ఇక మనలో మనకు ఉన్న ముద్రల సంగతి. రాయలసీమ అనగానే మన పిల్లలకు ఏం గుర్తొస్తుంది? కత్తులు, బాంబులు, సుమోలు. సినిమాలు నేర్పిన పాఠం అది. నేను గండికోట చూడటానికి ఒక్కదాన్నే మాధవరం బస్టాండులో కడప బస్సెక్కినప్పుడు, "ఆ ప్రాంతానికా, ఒంటరిగానా?" అన్నవాళ్ళు ఉన్నారు. జమ్మలమడుగులో దిగాను. గండికోటకు ఆటో మాట్లాడుకుంటుంటే టిఫిన్ బండి దగ్గరున్న ఒక పెద్దాయన వచ్చి, "అమ్మా, ఎండెక్కితే కోటలో నిలవలేవు, ముందు ఉగ్గాని తిను, నీళ్ళు పట్టుకో, తర్వాత బయలుదేరు" అని ఆటో అబ్బాయికి తనే జాగ్రత్తలు చెప్పాడు. నేను ఎవరి అమ్మాయినో, ఏ కులమో అడగలేదు. పెన్నా నది ఎర్రటి రాతిని కోసుకుంటూ పారే ఆ లోయ అంచున నిలబడి నేను చూసినంతసేపు, ఆ ఆటో అబ్బాయి కాస్త దూరంలో కూర్చుని "అంచుకు పోవద్దక్కా" అని చెబుతూనే ఉన్నాడు. సాయంత్రం వాళ్ళ ఇంట్లో రాగి సంగటి, ఊరిబిండి పెట్టారు. కక్షలతో ఆ నేల రక్తం చిందించిందన్న మాట నిజమే. ఆ కక్షల్లో భర్తలను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఆ నేలవాళ్ళే కదా? వాళ్ళను సినిమా చూపించదు. చూపించినా ఒక్క ఏడుపు దృశ్యంలో చూపించి వదిలేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బీహారు.

ఈ నగరంలో బీహారీ అనే మాటను మనం ఎలా పలుకుతామో మీకు తెలుసు. టికెట్టు లేకుండా ఎక్కేవాళ్ళు, సీట్లు ఆక్రమించేవాళ్ళు, శుభ్రం తెలియనివాళ్ళు. చదువుకున్నవాళ్ళే అంటారు. నేను సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాను. బెంగళూరు నుంచి బయలుదేరి చెన్నై మీదుగా, మన విజయవాడ, వరంగల్లు దాటి, నాగపూరు, జబల్‌పూరు మీదుగా పట్నా పక్కనున్న దానాపూరు చేరే రైలు అది. రెండు రాత్రుల దారి. అశోకుడి కూతురి పేరు పెట్టారు. బోధివృక్షపు కొమ్మ పట్టుకుని సముద్రం దాటి సింహళం వెళ్ళిందని చెప్పే ఆ సంఘమిత్ర పేరు. దీపావళి వెళ్ళిన మర్నాడు. పెట్టె నిండా ఛఠ్ పండుగకు ఇళ్ళకు వెళ్ళే కుర్రవాళ్ళే. తలుపు దగ్గర నిలబడ్డ పిల్లల చేతుల్లో జనరల్ టికెట్లు ఉన్నాయి. జనరల్ పెట్టెల్లో కాలు పెట్టే చోటు లేదు. టికెట్టు కొన్న మనిషికి నిలబడే చోటు కూడా లేకపోతే ఆ తప్పు ఎవరిదో కాస్త ఆలోచించండి. ఏడాదంతా మన ఇళ్ళకు ఇటుకలు మోసి, పండుగకు తల్లి దగ్గరికి వెళ్ళే పిల్లలు వాళ్ళు.

నా ఎదుటి బెర్తులో ఒక పెద్దావిడ. చెన్నైలో కట్టడం పని చేసే కొడుకు ఆమెను పిలిపించుకుని కంటికి ఆపరేషన్ చేయించాడు. ఇప్పుడు ఇద్దరూ ఇంటికి వెళుతున్నారు. కంట్లో చుక్కలు వేళకు వేయాలి. సీసా మీద ఇంగ్లీషు, రెండు రకాల మందులు, ఏది ముందో ఏది తర్వాతో కొడుక్కు గుర్తులేదు. నేను చీటీ చదివి చెప్పాను. ఆ పైన చుక్కలు వేసే పని నాదైపోయింది. మన చిన్నప్పుడు త్యాగరాయనగర్ హిందీ ప్రచార సభ పరీక్షలు రాశాం కదా, ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష అంటూ? ఆ హిందీ ఆ రెండు రోజులూ నాకు అన్నం పెట్టింది. ఆమె నన్ను దీదీ అంది, నేను ఆమెను మాతాజీ అన్నాను. సత్తు పిండిలో ఉల్లిపాయ, నిమ్మరసం, ఉప్పు కలిపి గ్లాసులో ఇచ్చింది. వేయించిన శనగలను దంచిన పిండి అది. ఎండాకాలమైనా ప్రయాణమైనా వాళ్ళకు అదే ఆధారం.

వాళ్ళకూ నా మీద లెక్కలున్నాయి, అవీ చెప్పాలి. మద్రాసులో రోజూ ఇడ్లీయే తింటారా? అన్నీ కొబ్బరినూనెలో వండుతారా? హిందీలో మాట్లాడితే కొడతారట కదా? ఒక్కొక్కటీ అడిగారు. నేను నొచ్చుకోలేదు. అడిగినందుకు సంతోషించాను. అడగని లెక్క అలాగే ఉండిపోతుంది, అడిగినదానికి జవాబు దొరుకుతుంది. మా ఇంట్లో నువ్వులనూనె, వేరుశనగనూనె అని చెప్పాను. నేను తెలుగుదాన్ని, మా పక్కింటివాళ్ళు తమిళులు, మా పైన ఇంటివాళ్ళు మార్వాడీలు అని చెప్పాను. ఆ కుర్రవాళ్ళలో ఒకడు మా వీధి పక్క వీధిలోనే పనిచేస్తున్నాడు. ఎన్నో ఏళ్ళుగా చెన్నైలో ఉండి కూడా చెన్నై మనిషితో ఇంతసేపు మాట్లాడటం అతనికి అదే మొదటిసారట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ ఉంది.

ఆ పెద్దావిడ నన్ను ఆరా అనే ఊరి దగ్గరున్న తన పల్లెకు రమ్మంది. వెళ్ళాను. ఛఠ్ చూశాను. కార్తీక శుద్ధ షష్ఠి. మన కార్తీక మాసమే, మన కార్తీక స్నానాల రోజులే. నడుములోతు నీళ్ళలో నిలబడి, చేటలో చెరుకు, అరటిపళ్ళు, గోధుమపిండీ బెల్లమూ కలిపి చేసిన ఠేకువాలు పెట్టుకుని, మొదట అస్తమించే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. మర్నాడు ఉదయించే సూర్యుడికి ఇస్తారు. మధ్యలో నీళ్ళు కూడా ముట్టరు. పురోహితుడు లేడు, మంత్రం లేదు. ఆడవాళ్ళు పాడుకునే పాటలే మంత్రాలు. ఆ చెరువు గట్టును రెండు రోజుల ముందు నుంచి ఊరంతా కలిసి ఊడ్చి, కడిగి, అలికారు. శుభ్రం తెలియనివాళ్ళన్న మాట గుర్తుందా? ఆ మాట అన్నవాళ్ళు ఆ గట్టు మీద నిలబడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

పండుగ వెళ్ళాక బడులు తెరిచారు. పొద్దున్నే యూనిఫారం వేసుకుని సైకిళ్ళ మీద ఆడపిల్లలు బారులు బారులుగా వెళుతున్నారు. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది పంచాయతీల్లో సగం స్థానాలు ఆడవాళ్ళకు కేటాయించారు. దేశంలో మొదట ఆ పని చేసిన రాష్ట్రం బీహారు. పేదరికం ఉందా? ఉంది. ఆడపిల్లకు తొందరగా పెళ్ళి చేయడం ఉందా? ఉంది. ఉన్నవాటిని నేను దాచడం లేదు. కానీ టీచరుగా పనిచేసినదాన్ని, ఆ సైకిళ్ళ వరుస చూసినప్పుడు నాకు కళ్ళు నిండాయి.

వెనకటికి 1830లో మన మద్రాసు నుంచే ఏనుగుల వీరాస్వామయ్య గారు కాశీకి బయలుదేరారు. పల్లకీలు, బోయీలు, పరివారం, నూరుమందికి తక్కువ లేరు. గయ, పట్నా అన్నీ చూశారు. అంత పరివారం ఉన్నా ఏ ఊళ్ళో ఏం తింటారు, నీళ్ళెలా ఉన్నాయి, మనుషులెలా ఉన్నారు అని ప్రతిదీ రాసి, మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి పంపేవారు. తెలుగాయన చూసినదాన్ని శ్రీనివాస పిళ్ళై గారు జాగ్రత్తగా కూర్చి అచ్చు వేయించారు. ఈ ఊరి స్నేహాలు అలాంటివి.

సరే. ఇక్కడ తల్లులున్నారు, మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు. ఆడపిల్ల ఒంటరిగా వెళితే భద్రత మాటేమిటి? భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. నేను చెప్పేది ఒక్కటే. జాగ్రత్త మనిషి నడతను చూసి పుట్టాలి, అతని రాష్ట్రాన్ని చూసి కాదు. ఎవరైనా పదే పదే ఎక్కడ దిగుతావు, ఎక్కడ ఉంటావు అని అడుగుతుంటే, చోటున్నా ఆనుకుని కూర్చుంటే, అతను మన ఊరివాడైనా సరే, మన భాషవాడైనా సరే, లేచి చోటు మారండి. మన భాష మాట్లాడాడు కదా అని నమ్మడం కూడా అదే తప్పుడు లెక్క. అది ఇంకా ప్రమాదం.

పనికొచ్చే సంగతులు కొన్ని చెబుతాను. దూరపు రైళ్ళలో స్లీపర్ తరగతిలో ఆడవాళ్ళకు ఆరు బెర్తుల కోటా ఉంది, వయసుతో పనిలేదు. నలభై ఐదేళ్ళు దాటిన ఆడవాళ్ళకు కింది బెర్తుల కోటా ఉంది. 139కి ఫోన్ చేస్తే రైల్వే వాళ్ళు పలుకుతారు. 2020 నుంచి మేరీ సహేలీ అని ఒక ఏర్పాటు ఉంది. ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళ దగ్గరికి రైల్వే రక్షణ దళంలోని మహిళలు బయలుదేరే స్టేషన్లోనే వచ్చి పలకరించి, సీటు నంబరు రాసుకుంటారు. కొత్త ఊరికి పగలే చేరేటట్టు టికెట్టు చూసుకోండి. మొదటి రాత్రికి బస ముందే కుదుర్చుకోండి. దారి అడగాలంటే పిల్లలతో ఉన్న ఆడవాళ్ళను, కొట్లో కూర్చున్న ఆడవాళ్ళను అడగండి. షిల్లాంగులో ఇవ్‌దూ బజారుకు వెళితే అంగళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అక్కడి ఖాసీ తెగవాళ్ళకు వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది, ఇల్లు చిన్న కూతురికి వస్తుంది. అక్కడ నన్ను తోడెవరని అడిగినవాళ్ళు లేరు.

ఇంకొక్క విషయం చెప్పకపోతే ఈ మాటలన్నీ సగమే అవుతాయి. మనం సరదాకు, దర్శనానికి ఒంటరిగా వెళతాం. పొట్టకూటికి ఒంటరిగా వచ్చేవాళ్ళు రోజూ మన సెంట్రల్ స్టేషన్లో దిగుతున్నారు. వాళ్ళకు తోడెవరు?

2012 ఆగస్టు గుర్తుందా? ఈశాన్య రాష్ట్రాలవాళ్ళ మీద దాడులు జరుగుతాయని ఫోన్లలో పుకార్లు. బెంగళూరు నుంచి వేలమంది గౌహతి రైళ్ళెక్కి వెళ్ళిపోయారు. ప్రత్యేక రైళ్ళు వేయాల్సి వచ్చింది. 2023 మార్చిలో మన తమిళనాడు వంతు. బీహారు కూలీలను ఇక్కడ కొడుతున్నారని తప్పుడు వీడియోలు తిరిగాయి. అవి అబద్ధమని ఇక్కడి పోలీసులు చెప్పారు, అక్కడి నుంచి అధికారుల బృందం వచ్చి చూసి వెళ్ళింది. నాకు ఆరా నుంచి ఫోన్ వచ్చింది. ఆ పెద్దావిడే. కొడుకు వద్దన్నా వినకుండా నాకు చేయించింది. "దీదీ, మీరు చెప్పండి, నా కొడుకు అక్కడ ఉండవచ్చా?" అని అడిగింది. ఉండవచ్చు, ఇక్కడ ఏమీ జరగలేదు, నేను ఇదే వీధిలో ఉన్నాను అని చెప్పాను. పోలీసుల ప్రకటన ఆమెకు చాలలేదు, కంట్లో చుక్కలు వేసిన మనిషి మాట కావలసి వచ్చింది. ఆ ఫోన్ చేయడానికి ఎవరూ తెలియని తల్లులు ఆ రాష్ట్రంలో ఎంతమంది ఉండి ఉంటారు? మన అపార్ట్‌మెంటు కాపలాదారు ఏ జిల్లావాడు? హోటల్లో మనకు వడ్డించే పిల్ల ఏ ఊరిది? తెలుసా మీకు? రేపు పొద్దున అడగండి. సాయంత్రానికి వాయిదా వేయకండి.

చివరిగా ఒక ప్రయాణం సంగతి చెప్పి కూర్చుంటాను. ఇది మీరందరూ చేయగలిగింది. తంజావూరు దగ్గర మేలట్టూరు అనే పల్లె ఉంది. ఏటా వైశాఖంలో నరసింహ జయంతికి అక్కడ భాగవత మేళం అనే నృత్య నాటకం ఆడతారు. ఆడేది ఏ భాషలో? తెలుగులో. మేలట్టూరు వెంకటరామ శాస్త్రి గారు రాసిన తెలుగు నాటకాలు. ఆడేవాళ్ళు ఇళ్ళలో తమిళం మాట్లాడుకునే కుటుంబాలవాళ్ళు, తరతరాలుగా ఆడుతున్నారు. ఆడ వేషాలు కూడా మగవాళ్ళే కడతారు. ముందు నవ్వించే కోణంగి వస్తాడు, తర్వాత గణపతి ముఖం తొడుక్కున్న చిన్న పిల్లవాడు వస్తాడు, ఆట రాత్రంతా నడిచాక తెల్లవారుజామున నరసింహుడు వస్తాడు. నేను వెళ్ళినప్పుడు నా పక్కన చాప మీద ఒక తమిళ పాట్టి, అంటే బామ్మ, కూర్చుంది. నాటకంలో ప్రహ్లాదుడి తల్లి లీలావతి పాడే ప్రతి దరువూ, అంటే ప్రతి పాటా, ఆమెకు కంఠతా వచ్చు. అర్థం తెలుసా పాట్టీ అంటే, నాకు పాటే తెలుసు, నువ్వు చెప్పు అంది. ఆ రాత్రంతా నేను తెలుగు దరువులకు తమిళంలో అర్థం చెబుతూ కూర్చున్నాను, ఆమె రాగాలు చెబుతూ కూర్చుంది. తెల్లవారాక కాఫీకి ఇంటికి తీసుకువెళ్ళింది.

రాత్రి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున తంజావూరు. అక్కడి నుంచి తిట్టై మీదుగా మేలట్టూరుకు బస్సులు తిరుగుతాయి. ఈ ఏడాది ఉత్సవం తేదీలు, అక్కడ బస వివరాలు నా దగ్గర ఉన్నాయి, కావలసినవాళ్ళు భోజనాల దగ్గర నన్ను అడగండి. ఇక్కడి నుంచి ఎంతమంది వచ్చినా సంతోషమే. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నాను. ఎవరి టికెట్టు వాళ్ళు కొనుక్కోండి, వేరు వేరు పెట్టెల్లో ఎక్కండి, అక్కడ చాపల మీద విడివిడిగా కూర్చోండి. నమస్కారం.